తేదీ ఇవ్వడం గురించి – చెట్ల పనిలో మా అనుభవం
(సంఘం వార్షిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా మాస్టర్లు, వకీళ్ళు, డాక్టర్లు మాట్లాడతారు. ఈసారి కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "సొంత పని పెట్టుకొని నిలదొక్కుకొన్నవాళ్ళు నాలుగు మాటలు చెబితే మన కుర్రవాళ్ళకు పనికివస్తుంది, మీరు రావాలి" అన్నారు. మేము చెట్లు కొట్టేవాళ్ళము. గొడ్డలి పట్టే చేతికి మైకు ఇస్తే ఏం మాట్లాడతామని వెనకాడాము. కాని ఆయన వదలలేదు. అందుకని ఈ నాలుగు కాగితాలు రాసుకొని వచ్చాము. తప్పులుంటే మన్నించాలి.

మేమంటే ముగ్గురు అన్నదమ్ములము, మా చిన్నాన్న కొడుకు, ఇద్దరు కూలీలు. విశాఖపట్నంలో ఇళ్ళల్లో, అపార్టుమెంట్లలో, స్కూళ్ళల్లో చెట్ల కొమ్మలు కొట్టడం, కొబ్బరిచెట్లు శుభ్రం చేయడం, ఎండిన చెట్లు దించడం మా పని. మా నాన్నగారు ఒక కత్తి, ఒక మోకు పెట్టుకొని మొదలుపెట్టారు. ఇప్పుడు మాకు రెండు మర రంపాలు, నడుము బెల్టులు, హెల్మెట్లు వున్నాయి. ట్రాక్టరు మాత్రం ఈనాటికీ అద్దెదే.

మమ్మల్ని చూసినవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "అంత ఎత్తు ఎక్కడం కష్టం కాదా?" అని. కష్టమే. కాని ఎక్కడం నేర్చుకొంటే వస్తుంది. ఇన్నేళ్ళలో మమ్మల్ని కష్టపెట్టింది చెట్టు కాదు, తేదీ. "ఎప్పుడు వస్తారు?" అని ఇంటాయన అడిగినప్పుడు నోటికి వచ్చే ఆ ఒక్క మాట. ఈ రోజు దాని గురించే మనవి చేస్తాము. వడ్రంగం, ప్లంబింగు, కరెంటు పని, మోటారు మెకానిక్కు, ఏ పని చేసే కుర్రవాడికైనా ఇది తప్పదు కనుక.

మా నాన్నగారి రోజుల్లో ఇంత చిక్కు లేదు. ఆయనకు తెలిసిన ఇళ్ళు ఇరవై, ముప్పై. ఏ ఇంట ఏ చెట్టు వుందో, ఎప్పుడు దానికి కత్తి పెట్టాలో అన్నీ ఆయన తలలోనే వుండేవి. మా కాలానికి సెల్‌ఫోన్ వచ్చింది. చెట్టు మీద వుండగానే ఫోను మోగుతుంది. కొమ్మ మీద కూర్చొని, ఒక చేత్తో తాడు పట్టుకొని, "రేపు వస్తామండి" అని అనేస్తాము. పూర్వం పల్లెల్లో దెయ్యం రాకుండా గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు చూడండి, మా 'రేపు' కూడా అట్లాంటిదే. ఎవరి ఇంటి గోడ మీద చూసినా మా 'రేపే' వుండేది.

ఆ రేపు మమ్మల్ని ఎక్కడికి తెచ్చిందో చెప్పాలి. చెప్పడానికి సిగ్గే, అయినా చెబుతాము.

అది 2014 సెప్టెంబరు. ఒక మామ్మ మా ఇంటికి నడిచి వచ్చింది. కొడుకు ఆటో నడుపుతాడు. వాళ్ళ రేకుల షెడ్డు మీదికి ఒక తురాయి చెట్టు వంగి వున్నది. తురాయి చూడ్డానికి అందమే గాని వేరు పైపైన పారుతుంది, కొమ్మ పెళుసు, తల బరువు. వానలు ముదరకముందే తల పలుచన చేయాలి. ఆమెకు ఈ సంగతి మేము చెప్పక్కర లేకపోయింది, ఆమే మాకు చెప్పింది. మేము ఒక చీటీ మీద 'సెప్టెంబరు 20, శనివారం, ఉదయం' అని రాసి ఇచ్చాము.

ఆ శనివారానికి ముందు ఒక అపార్టుమెంటువాళ్ళు పిలిచారు. దసరాలోగా కొబ్బరిచెట్లన్నీ శుభ్రం చేయాలన్నారు. పెద్ద పని, చేతికి వెంటనే డబ్బు. మామ్మ చెట్టు ఒక్కటే గదా, వారం ఆగితే ఏమవుతుంది అనుకొన్నాము. చీటీ మీద 20 కొట్టివేసి అక్టోబరు 1 వేశాము. అప్పుడు వేరొక అడ్డు వచ్చింది. ఆ తరువాత దసరా, 6వ తేదీ బక్రీదు. మూడోసారి 'అక్టోబరు 13, సోమవారం' అని రాశాము. ఒకే చీటీ మీద మూడు తేదీలు, మూడూ మా చేతిరాతే.

తుఫాను వస్తున్నదని రేడియోలోను టీవీలోను చెబుతూనే వున్నారు. శనివారం, అంటే 11వ తేదీన, మామ్మ మనవడిని పంపింది. మేము ఆ రోజు ఒక బంగళాలో వున్నాము. ఇల్లు పెద్దది, చెట్లు ఎక్కువ, కూలి కూడా ఎక్కువ. "సోమవారం వస్తామని చెప్పు బాబూ" అని ఆ పిల్లవాడిని తిప్పి పంపించాము.

12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ వచ్చింది. ఆ పేరు ఒమాన్ దేశం ఇచ్చినది. సులైమాన్ ప్రవక్త కథలోని పిట్ట పేరు తుఫానుకు పెట్టారేమిటని ఆ ముందురోజు మా ఇంట్లో పిల్లలు నవ్వుకొన్నారు కూడా. విశాఖపట్నం వాళ్ళకు ఆ రోజు గురించి చెప్పనవసరం లేదు. ముందు ఒక దిక్కునుంచి కొట్టింది. మధ్యలో కొంతసేపు అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకొని జనం బయటికి వచ్చారు. ఆ తరువాత ఎదురు దిక్కునుంచి కొట్టింది. చెట్టుకు అదే ప్రాణాంతకం. ముందు గాలికి ఒక పక్క వేళ్ళు వదులవుతాయి, రెండో గాలి దాన్ని అటు తోసేస్తుంది.

సోమవారం మేము తేదీ ప్రకారమే వెళ్ళాము. దారులన్నీ చెట్లే, నడిచి వెళ్ళాము. తురాయి పడిపోయి వుంది. షెడ్డు నేలమట్టం. కింద ఆటో నలిగిపోయి వుంది. ఇంట్లోవాళ్ళు ముందురోజే పక్క డాబా ఇంటికి వెళ్ళబట్టి ప్రాణాలు దక్కాయి, అల్హందులిల్లాహ్. మామ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కొంగుముడి విప్పి ఆ చీటీ తీసి చూపించింది. "ఈసారి రోజుకే వచ్చీసారు బాబూ" అన్నది. అంతే.

తిట్టివుంటే మరచిపోయేవాళ్ళమేమో.

ఆ తరువాత రెండు వారాలు ఎట్లా గడిచాయో మాకే తెలియదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పెట్రోలు బంకుల దగ్గర బారులు. రంపాలకు పెట్రోలు కోసం ఒకరు బారులో నిలబడితే మిగతావాళ్ళము గొడ్డళ్ళతో పని చేశాము. ఫోన్లు లేకపోవడం వల్ల పిలిచేవాళ్ళు మనిషిగా ఇంటికి వచ్చేవారు. తెల్లవారేసరికి వాకిట్లో ఇరవైమంది. మామూలు కూలికి రెండింతలు, మూడింతలు ఇస్తామన్నవారున్నారు. మా ఇంట్లోనే దీనిమీద తగవు వచ్చింది. తమ్ముడు, "ఇట్లాంటి రోజులు మళ్ళీ రావు, ఎక్కువ ఇచ్చేవాళ్ళ దగ్గరికి ముందు పోదాం" అన్నాడు. వాడిది దుర్బుద్ధి కాదు, అప్పుకు వడ్డీ కట్టేవాడికి ఆ లెక్కే తోస్తుంది. కాని అన్న ఒక పలక తెచ్చి గోడకు ఆనించి వరస రాశాడు. ముందు మనుషులున్న ఇంటి మీద ఒరిగిన చెట్టు. తరువాత దారికి అడ్డం పడ్డది, అంబులెన్సు పోవాలి గనుక. ఆ తరువాత తీగల మీద పడ్డవి, అవి కరెంటువాళ్ళు వచ్చి చెప్పాకనే. పెరట్లో ఊరికే పడి వున్నది ఎంత పెద్ద చెట్టయినా చివరికి. కూలి ఎంత ఇస్తారన్నది ఆ పలక మీద లేదు. వాకిట్లో వచ్చినవాళ్ళకు పలక చూపిస్తే ఒకరిద్దరు తప్ప అందరూ ఒప్పుకొన్నారు. "నా వంతు ఎన్నోది?" అని అడిగి వెళ్ళిపోయేవారు. జనానికి ఆలస్యం కన్న, తమ వంతు ఎక్కడుందో తెలియకపోవడమే ఎక్కువ కోపం తెప్పిస్తుందని మేము అప్పుడే తెలుసుకొన్నాము.

అయితే ఆ పలకలో ఒక లోపం వుంది. దాని మీద చెట్లున్నాయి గాని మేము లేము. పొద్దున్నుంచి రాత్రి టార్చిలైటు దాకా చేశాము. పడిన చెట్టు నిలబడిన చెట్టు కన్న ప్రమాదం. వంగి బిగిసిన కొమ్మ విల్లు లాంటిది. ముందు లోపలి వంపు వైపున కొంచెం కోసి, తరువాత బిగిసిన వైపునుంచి నిదానంగా వదలాలి. తొందరపడి బిగువు వైపు కోస్తే చీలి మనిషిని కొడుతుంది. మొదలు కోస్తే ఒక్కొక్కసారి వేళ్ళ ముద్ద తిరిగి గుంటలోకి లేచి కూర్చుంటుంది. ఇవన్నీ మా చిన్నాన్న కొడుక్కి మాకన్న బాగా తెలుసు. కాని ఆరో రోజు సాయంత్రం, ఆ రోజుకు మూడో చోట, పది అడుగుల ఎత్తునుంచి జారాడు. చీలమండ విరిగింది. మూడు నెలలు మంచం. కొబ్బరిచెట్టు చివర గాలిలో వూగిన మనిషి, పది అడుగుల దగ్గర పడ్డాడు. తెలియక పడలేదు, అలసి పడ్డాడు.

ఆ మంచం పక్కన కూర్చొని మేము పెట్టుకొన్న పద్ధతే ఇప్పుడు చెప్పబోయేది. పెద్ద శాస్త్రమేమీ కాదు.

మేము రోజు లెక్క మానేశాము, గంటల లెక్క ఎప్పుడూ లేదు. మా లెక్క పూట. రోజుకు రెండు పూటలు, మూడోది లేదు. చెట్టును కళ్ళారా చూడకుండా పూట చెప్పము. ఫోనులో "చిన్న చెట్టేనండి" అంటారు, వెళితే మూడంతస్తుల మేడను దాటి వుంటుంది. చెట్టు ఎంత, కింద ఏమున్నది, కొమ్మ తాడు కట్టి దించాలా వదిలేయవచ్చునా, రొట్ట బయటికి మోయడానికి సందు ఎంత వెడల్పు, ఇవన్నీ చూసి ఒక పూటా రెండు పూటలా చెబుతాము. కోయడానికి పట్టే కాలమే రొట్ట ఎత్తడానికీ పడుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే మోసపోతారు.

ఇక వారం. మంగళవారం, శుక్రవారం చాలామంది హిందూ సోదరులు చెట్టుకు కత్తి పెట్టనివ్వరు. శుక్రవారం మాకు జుమా. ఆ విధంగా శుక్రవారం వారికీ మాకూ కుదిరింది. ఉదయం పూట పాత రొట్ట, దుంగలు ట్రాక్టరుకెత్తి అడితికి, ఇటుక బట్టీకి చేరుస్తాము, తరువాత స్నానం, నమాజు. మంగళవారం రంపాలకు పదును, తాళ్ళ పరీక్ష, కొత్త చెట్లు చూసి రావడం, ఆఫీసు పనులు. మిగిలినవి ఐదు రోజులు, పది పూటలు. ఆదివారం ఇంటివాళ్ళు ఇంట్లో వుంటారు గనుక తప్పదు. ఈ పదిలో మేము మాట ఇచ్చేది ఎనిమిదికే. రెండు పూటలు ఖాళీ.

"ఖాళీ ఎందుకు, నష్టం గదా" అని మా మామగారే అడిగారు. ఆ రెండూ ఎప్పుడూ ఖాళీగా వుండవు. వాన పడి ఆగిన పని, ట్రాక్టరు రాక ఆగిన పని, తేనెపట్టు కనబడి వదిలి వచ్చిన చెట్టు, ఇవన్నీ వచ్చి ఆ పూటల్లో కూర్చుంటాయి. వాటికి చోటు లేకపోతే ఎక్కడికి పోతాయి? ఇంకొకరి పూట మీదికి పోతాయి. అక్కడినుంచి ఇంకొకరి మీదికి. మామ్మ చీటీ మీద మూడు తేదీలు పడ్డది అట్లాగే. గాలి జోరుగా వున్న రోజున, వాన తడి ఆరని కాండం మీద, ఎవరు ఎంత బ్రతిమాలినా ఎక్కము. ఆ నష్టం ముందే లెక్కలో వేసుకొన్నాము గనుక ధైర్యంగా కాదనగలము.

ఊరు కూడా పెద్దది. ఉదయం గాజువాకలో, మధ్యాహ్నం మధురవాడలో పెట్టుకొంటే నడుమ 25 కిలోమీటర్లకు పైనే. ఒక పూట దారిలోనే పోతుంది. అందుకని ఒక రోజు ఒక వైపే.

తీగలున్న చోట పని మా చేతిలో లేదు. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. తీసుకొని, లైను ఆగిందని తాను చూసి చెప్పేదాకా చెట్టు ముట్టము. "మామూలుగా చేసేయండి, ఏమీ కాదు" అనే ఇంటాయన కింద నిలబడి వుంటాడు, పైన వుండేది మేము. ఒకే ఫీడరు మీద వున్న రెండు మూడు ఇళ్ళ పనులు కలిపి ఒకే ఎల్.సి.లో ముగించుకొంటాము. దానికోసం మొదటి ఇంటివారిని పది రోజులు ఆగమనవలసి వస్తుంది. కారణం చెబితే ఆగుతారు. ఇక చెట్టు మొత్తం తీయాలంటే 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. అనుమతి కాగితం చేతికి వచ్చాకనే డైరీలో పూట రాస్తాము, వస్తుందనే నమ్మకం మీద రాయము.

అన్నిటికన్న ముందు చెట్టుకే ఒక పంచాంగం వుంది. మామిడికి కాపు దిగిన తరువాత జూన్, జూలైలలో కత్తి పెట్టాలి. అప్పుడు వచ్చిన చిగురు ముదిరి చలికాలానికి పూత వేస్తుంది. సంక్రాంతికి చుట్టాలొస్తున్నారు, వాకిలి చీకటిగా వుంది, కొమ్మలు కొట్టమని డిసెంబరులో పిలుస్తారు. కొడితే మాకు కూలి వస్తుంది, వారికి ఆ కొమ్మన కాయ రాదు. "జూన్‌లో వస్తాము, ఇప్పుడే పేరు రాసుకొంటాము" అంటాము. వేపచెట్టును ఉగాది దాకా ముట్టనివ్వరు, పచ్చడికి పువ్వు కావాలి. ఎండాకాలం మొదట్లో కాకులు గూళ్ళు కడతాయి. గుడ్లున్న కొమ్మ వదిలేస్తాము, ఇది పుణ్యం కోసమే కాదు, కాకులు తల మీద పొడుస్తుంటే నలభై అడుగుల ఎత్తున మనిషి నిలబడలేడు. తురాయి, కొండచింతల పని మే నెలలోనే ముగించాలి, మిగిలినవి ఎంత ఆలస్యమైనా సెప్టెంబరు దాటనివ్వము. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫానుల నెలలు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి ఉద్దానం కొబ్బరితోటల్ని ఏం చేసిందో చూశాము.

కొబ్బరి మాత్రం మాకు అన్నం పెట్టే చెట్టు. నెలకు ఒక మట్ట వేస్తుంది, పొత్తి విచ్చుకొన్న గెల ముదరడానికి సుమారు ఏడాది పడుతుంది. అంటే చెట్టు మీద ఎప్పుడూ ఏదో ఒకటి దించవలసింది వుంటుంది. రెండు నెలలకొకసారి అదే ఇళ్ళకు, అదే పూటకు తిరుగుతాము. ఎనిమిది పూటల్లో ముందుగా ఇవి రాసి, మిగిలిన సందుల్లోనే కొత్త పనులు రాస్తాము. కొత్తవాడు పెద్ద పని తెచ్చాడని పాత కొబ్బరి ఇంటిని జరపము.

రంజాను నెలలో ఉదయం పూట ఒక్కటే, అదీ పది గంటలలోపు. ఉపవాసంతో ఎండలో చెట్టు మీద వుండకూడదు. రంజాను ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక ఒక్కొక్క ఏడు ఒక్కొక్క పనిని తొక్కుతుంది. 2018లో మే నడుమ వచ్చి తురాయి పనుల మీద పడింది, 2025లో మార్చిలో వచ్చింది. కొత్త డైరీ కొనగానే ముందు ఆ నెలను సగానికి మడిచి వుంచుతాము.

ఈ డైరీ మా దగ్గర వుండదు. మా వదిన దగ్గర వుంటుంది. ఆమె పదో తరగతి చదివింది, దస్తూరి ముత్యాల్లాంటిది. ఫోను కూడా ఆమే ఎత్తుతుంది. చెట్టు మీద వున్నవాడు తేదీ ఇవ్వకూడదని మా ఇంటి కట్టుబాటు. ముందురోజు మగ్రిబ్ తరువాత ఆమె రేపటి రెండిళ్ళకు ఫోను చేసి "వస్తున్నారు" అనో, "రావడం లేదు, ఫలానా పూట వస్తారు" అనో చెబుతుంది. రావడం లేదని ముందు చెప్పినందుకు పని పోయింది ఇంతవరకు రెండే రెండు సార్లు. చెప్పకుండా మానినందుకు పోయినవి ఎన్నో లెక్కే లేదు. బయానా కూడా పూట రాశాకనే తీసుకొంటాము. ముందే తీసుకొంటే ఆ డబ్బు ఇంట్లో ఖర్చవుతుంది, తేదీ మాత్రం అప్పుగా మిగులుతుంది.

"మీలాంటి పనివాళ్ళు ఊళ్ళో లేరండి, మీరే రావాలి, ఈ ఆదివారమే రావాలి" అని పొగిడేవాళ్ళుంటారు. మునగచెట్టు ఎక్కించడమంటే ఇదే. మునగ కొమ్మ ఎంత పెళుసో మాకన్న ఎవరికి తెలుసు! అయినా మేము ముగ్గురమూ ఎక్కేవాళ్ళమే. వదిన ఎక్కదు.

మామ్మ సంగతి సగంలో వదిలాము. పడిన తురాయిని కూలి తీసుకోకుండా కోసి తీశాము. ఆటో మరమ్మతులో సగం మేము భరిస్తామన్నాము. ఆమె కొడుకు వద్దన్నాడు, మామ్మ వద్దనలేదు. నెలనెలా ఇస్తూ 14 నెలలకు తీర్చాము. ఆ రోజుల్లో మంచాన వున్న తమ్ముడి ఖర్చు, ఇదీ కలిసి ఇల్లు గడవడం కష్టమయింది. ఇది దానమని ఎవరూ అనుకోవద్దు. మూడు తేదీల వెల అది. ఆమె పెరట్లో ఇప్పుడు ఒక సపోటా వుంది. డైరీలో ఆమె పేరు ఏటా మే నెల మొదటి పూటకు రాసి వుంటుంది, చెట్టుకు పని వున్నా లేకపోయినా వెళ్ళి చూసి వస్తాము.

 సభ అయిన తరువాత తమ ఇంటి చెట్టు గురించి అడగదలచినవారు మమ్మల్ని అడగవద్దని మనవి. వదిన ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చొని వుంది, డైరీ ఆమె సంచిలో వుంది. వచ్చే వారంలో సోమవారం మధ్యాహ్నం పూట, గురువారం ఉదయం పూట ఖాళీగా కనబడతాయి. ఆ రెండూ మాత్రం అడగకండి.